క్రెటానా, గ్రాండ్ విటారా హైబ్రిడ్డా? అడ్వాన్స్ కట్టేముందు ఇలా తేల్చుకోండి

నలుగురైదుగురు ఉన్న ఇంట్లో పాత చిన్న కారు ఇచ్చేసి ఎస్‌యూవీ తీసుకుందాం అనుకున్నాక, నెల తిరిగేసరికి చాలాచోట్ల మాట రెండు పేర్ల దగ్గరికొచ్చి ఆగుతుంది. ఒకటి హ్యుందాయ్ క్రెటా, రెండోది మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్. మీరూ అక్కడే ఆగి ఉంటే ఈ వరసలో వెళ్ళండి.

బయటి కొలతల్లో వీటికి తేడా దాదాపు లేదు. క్రెటా పొడవు 4330 మిల్లీమీటర్లు, గ్రాండ్ విటారా 4345. వెడల్పు 1790, 1795. ముందు వెనక చక్రాల మధ్య దూరం 2610, 2600. ధరలు కూడా రెండిటికీ వేరియంట్‌ని బట్టి సుమారు 11 లక్షల నుంచి 20 లక్షల ఎక్స్ షోరూమ్ మధ్యలోనే తిరుగుతాయి. బ్రోషర్లు పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు చూసినా తేలదు. అసలు తేడా బానెట్ కింద, డిక్కీలో, వెనక సీట్లో ఉంది. చాలామంది రంగు, సన్‌రూఫ్, ఆఫర్ దగ్గర మొదలుపెట్టి ఇంజిన్ సంగతికి చివర్లో వస్తారు. ఆ వరస తిరగేయండి. ముందు మీ తిరుగుడు, తర్వాత మీ సామాను, తర్వాత వెనక కూర్చునే మనుషులు, ఆ తర్వాతే డబ్బు.

1. ముందు మీ తిరుగుడు రాసుకోండి

ఒక నెలపాటు ఇప్పుడున్న బండిమీదే లెక్క రాయండి. రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరిగారు, అందులో ట్రాఫిక్‌లో ఎంత, హైవే మీద ఎంత అన్నదే కావాలి. ఫోన్‌లో రాసుకున్నా చాలు. ఈ నిర్ణయంలో సగం ఈ కాగితమే చేసేస్తుంది, ఎందుకో చెప్తాను.

స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో 1.5 లీటర్ల మూడు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటారు, చిన్న బ్యాటరీ ఉంటాయి. ప్లగ్ పెట్టి చార్జ్ చేసే పని లేదు. బ్రేకు వేసినప్పుడు, యాక్సిలరేటర్ వదిలినప్పుడు వృథాగా పోయే శక్తిని బ్యాటరీలోకి పట్టుకుని, మళ్ళీ కదిలేటప్పుడు దాన్నే వాడుకుంటుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోయినా ఏసీ నడుస్తుంది. అంటే మియాపూర్ నుంచి గచ్చిబౌలికి పొద్దున తొమ్మిదింటికి వెళ్ళేవాళ్ళకి, బెజవాడ బెంజి సర్కిల్ చుట్టూ రోజూ తిరిగేవాళ్ళకి ఇది బాగా కలిసొస్తుంది. అదే బండి విజయవాడ హైవే మీద వందలో ఆగకుండా పోతుంటే బ్రేకులు పడేది తక్కువ, మోటారు సాయం తక్కువ. అక్కడ పని అంతా పెట్రోల్ ఇంజినే చేయాలి.

కంపెనీ చెప్పే మైలేజీ హైబ్రిడ్‌కి లీటరుకి 27.97 కిలోమీటర్లు, క్రెటా 1.5 పెట్రోల్ ఆటోమేటిక్‌కి 17.7. ఇవి పరీక్షలో వచ్చిన అంకెలు. రోడ్డుమీద రెండూ తగ్గుతాయి. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ రెండు బండ్లూ కచ్చితంగా ఉంటాయి, ఓనర్లని అడిగితే మీ ఏరియాలో నిజంగా ఎంతొస్తుందో చెప్తారు. లెక్క కోసం సిటీలో క్రెటాకి 12, హైబ్రిడ్‌కి 20 అనుకుందాం. హైవే మీద క్రెటాకి 16, హైబ్రిడ్‌కి 20. లీటరు పెట్రోలు 108 రూపాయలు, ఏడాదికి 12,000 కిలోమీటర్లు.

అంతా సిటీలోనే తిరిగితే క్రెటాకి 1000 లీటర్లు, హైబ్రిడ్‌కి 600 లీటర్లు. ఏడాదికి మిగిలేది 43,200 రూపాయలు. అంతా హైవే అయితే 750 లీటర్లు, 600 లీటర్లు. మిగిలేది 16,200. రెండు బండ్ల ఆన్‌రోడ్ ధరలో తేడా రెండు లక్షలు వచ్చిందనుకోండి, సిటీవాళ్ళకి ఆ డబ్బు నాలుగున్నరేళ్ళకి తిరిగొస్తుంది. హైవేవాళ్ళకి పన్నెండేళ్ళు దాటుతుంది. బండీ అదే, ధరా అదే, మారింది రోడ్డు ఒక్కటే. ఈ లెక్కలో నా అంకెలు తీసేసి మీవి వేసుకోండి.

ఏడాదికి ఆరేడు వేల కిలోమీటర్లు కూడా తిరగని ఇల్లయితే హైబ్రిడ్ కోసం అదనంగా పెట్టే డబ్బు తిరిగి రావడం కష్టం. ఆ డబ్బుతో మంచి వేరియంట్ తీసుకోవడం మేలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. గ్రాండ్ విటారాలో మైల్డ్ హైబ్రిడ్ అని ఇంకోటి ఉంది. అది 103 పీఎస్ (ఇంజిన్ శక్తిని కొలిచే లెక్క) పెట్రోల్ ఇంజిన్, దానికి చిన్న సాయం మాత్రమే. ఎలక్ట్రిక్ మోటారు మీద బండి నడవదు. షోరూమ్‌లో రెండింటినీ 'హైబ్రిడ్' అనే అంటారు. కొటేషన్‌లో 'స్ట్రాంగ్ హైబ్రిడ్' అనే మాట ఉందో లేదో చూసుకోండి.

నెలకి రెండువేల కిలోమీటర్లు పైన, అదీ ఎక్కువగా హైవే మీదే తిరిగేవాళ్ళకి క్రెటా డీజిల్ ఇప్పటికీ గట్టి బండి. 250 న్యూటన్ మీటర్ల టార్క్ (బండిని లాగే బలం), మాన్యువల్‌కి కంపెనీ లెక్కలో 21.8 మైలేజీ. గ్రాండ్ విటారాలో డీజిల్ లేదు. కానీ పిల్లల్ని స్కూల్లో దింపి, కూరగాయలు తెచ్చుకునే తిరుగుడుకి డీజిల్ జోలికి పోవద్దు. ఇప్పటి బీఎస్6 డీజిళ్ళలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది తనని తాను శుభ్రం చేసుకోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి కొంతసేపు ఒకే వేగంలో పరిగెత్తాలి. రోజూ రెండేసి కిలోమీటర్లు తిప్పి ఆపేస్తుంటే ఫిల్టర్ మూసుకుపోయి డాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది, వర్క్‌షాప్ చుట్టూ తిరగాల్సి వస్తుంది.

2. మీ సూట్‌కేసులు షోరూమ్‌కి తీసుకెళ్ళండి

సేల్స్ కుర్రాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు. ఊరెళ్ళేటప్పుడు మీరు నిజంగా పట్టుకెళ్ళే రెండు పెద్ద ట్రాలీలు, ఒక బ్యాగు ఇంట్లోంచి తీసుకెళ్ళి డిక్కీలో పెట్టి, డోరు వేసి చూడండి.

క్రెటా డిక్కీ 433 లీటర్లు. గ్రాండ్ విటారా మైల్డ్ హైబ్రిడ్‌ది 373. స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి వచ్చేసరికి 265 లీటర్లే, ఎందుకంటే బ్యాటరీ అక్కడే కూర్చుంది. అంకె చూస్తే అంతగా అనిపించదు గానీ డోరు ఎత్తి చూస్తే తెలుస్తుంది. కింది పలక పైకి లేచి ఉంటుంది కాబట్టి పెద్ద ట్రాలీని నిలబెట్టలేరు, పడుకోబెట్టాలి. ఒకటి పడుకోబెడితే రెండోదానికి చోటు వెతుక్కోవాలి. పోనీ వెళ్ళేటప్పుడు సర్దుకున్నా, మన ఊళ్ళనుంచి తిరిగొచ్చేటప్పుడు ఖాళీగా పంపరు కదా. పాతిక కిలోల బియ్యం బస్తా, ఆవకాయ డబ్బాలు, వేసవిలో అయితే మామిడిపళ్ళ పెట్టె. నలుగురు కూర్చుని ఇవన్నీ రావాలంటే హైబ్రిడ్‌లో కాళ్ళ దగ్గర, ఒళ్ళో పెట్టుకోవాల్సిందే.

వెనక సీటు సగం మడవొచ్చని చెప్తారు. నిజమే, కానీ ఆ సగంలో కూర్చునే మనిషి ఎక్కడికి పోవాలి? పైన క్యారియర్ వేయించుకోవచ్చు, దాంతో మైలేజీ తగ్గుతుంది, వానాకాలం టార్పాలిన్ గొడవ ఉంటుంది. నెలకోసారి కుటుంబమంతా ఊరెళ్ళే ఇంటికి ఈ ఒక్క కారణం చాలు, క్రెటా వైపు మొగ్గడానికి. ఏడాదికి రెండుసార్లే వెళ్ళేవాళ్ళు దీన్ని పట్టించుకోనక్కర్లేదు.

గ్రాండ్ విటారా సీఎన్‌జీ గురించి ఆలోచిస్తుంటే, సిలిండర్ డిక్కీని దాదాపు మింగేస్తుందని తెలిసే ఆలోచించండి.

3. అమ్మనో అత్తగారినో వెనక కూర్చోబెట్టండి

బండి కొనేవాడు ముందు కూర్చుని చూస్తాడు, ఊరెళ్ళేటప్పుడు ఆరుగంటలు వెనక కూర్చునేది పెద్దవాళ్ళు. వాళ్ళని తీసుకెళ్ళకుండా అడ్వాన్స్ కట్టొద్దు.

ముందు డ్రైవర్ సీటుని మీకు సరిపడేలా జరుపుకోండి. ఆ తర్వాతే అమ్మని వెనక ఎక్కమనండి. షోరూమ్‌లో ముందు సీట్లు బాగా ముందుకి నెట్టి ఉంచుతారు, అలా చూస్తే ఏ బండైనా విశాలంగానే కనిపిస్తుంది. ఎక్కేటప్పుడు గమనించండి. చీరలో ఉన్న మనిషి ఒక కాలు లోపల పెట్టి, తల వంచి, నడుము తిప్పి కూర్చోవాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఈ మూడు సెకన్లే ముఖ్యం. గ్రౌండ్ క్లియరెన్స్ క్రెటాకి 190 మిల్లీమీటర్లు, గ్రాండ్ విటారాకి 210. గతుకుల రోడ్డుకి ఆ ఎక్కువ మంచిదే, కానీ ఎక్కడానికి అందరికీ ఒకేలా ఉండదు. చేయి పట్టుకోకుండా ఎక్కగలిగారా, దిగేటప్పుడు కాలు నేలకి ఆనిందా, రెండు బండ్లలోనూ రెండేసిసార్లు చూడండి.

తర్వాత ముగ్గుర్ని వెనక కూర్చోబెట్టండి. రెండూ ఐదుగురి బండ్లే అయినా మధ్య మనిషికి సుఖం తక్కువ. ఆ మనిషికి కూడా భుజంమీదుగా వచ్చే సీట్ బెల్టు, తలకి ఆనుడు ఉన్నాయా, మీరు కొనే వేరియంట్‌లోనే చూడండి. గ్రాండ్ విటారాలో పైకప్పు వెనక్కి వాలి ఉంటుంది, పనోరమిక్ సన్‌రూఫ్ కూడా కొంత ఎత్తు తింటుంది. ఆరడుగుల కొడుకు ఉన్న ఇంట్లో వాడిని తప్పకుండా వెనక కూర్చోబెట్టి చూడండి. క్రెటా వెనక సీటు నాకు ఎక్కువ నచ్చుతుంది. ఒళ్ళు వాల్చుకుని కూర్చోవచ్చు, పై వేరియంట్లలో కిటికీలకి తెరలు కూడా వస్తాయి. మే నెల ఎండలో ఒంగోలు దాటుతున్నప్పుడు ఆ తెర విలువ తెలుస్తుంది.

చంటిపిల్లలు ఉంటే మీ చైల్డ్ సీటు పట్టుకెళ్ళి ఐసోఫిక్స్ కొక్కేలకి తగిలించి చూడండి. సీటు పెట్టాక పక్కన ఇద్దరు పట్టరు, చాలామందికి ఈ సంగతి డెలివరీ అయ్యాకే తెలుస్తుంది.

4. టెస్ట్ డ్రైవ్ ఒకే రోజు, ఒకే దారిలో

షోరూమ్ చుట్టూ రెండు కిలోమీటర్లు తిప్పి తీసుకొచ్చే టెస్ట్ డ్రైవ్ దేనికీ పనికిరాదు. ఇంటికి బండి తెప్పించుకోండి, రెండు కంపెనీలూ పంపిస్తాయి. ఒకే రోజు, ఒకే దారి, అవే మనుషులు, ఏసీ ఒకే నంబర్ మీద.

కాగితంమీద శక్తి సమానమే. క్రెటా 1.5 పెట్రోల్ 115 పీఎస్, హైబ్రిడ్ ఇంజిన్, మోటారు కలిపి 116. నడిపితే మాత్రం రెండూ వేరు బండ్లు. హైబ్రిడ్ కదిలేటప్పుడు చప్పుడే ఉండదు, ట్రాఫిక్‌లో మెత్తగా జారిపోతుంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కాళ్ళకి, తలకి ఉండే టెన్షన్ తగ్గించే బండి ఇదే. అదే ఓఆర్ఆర్ ఎక్కి గట్టిగా తొక్కితే మూడు సిలిండర్ల మోత లోపలికి వినిపిస్తుంది, శబ్దం పెరిగినంత తొందరగా వేగం పెరగదు. రెండు లైన్ల రోడ్డుమీద లారీని దాటాల్సిన సమయంలో ఈ తేడాకి అలవాటు పడాలి. క్రెటా నాలుగు సిలిండర్లది కాబట్టి ఆ వేగంలో నున్నగా ఉంటుంది, కానీ సిటీలో పెట్రోలు తాగుతుంది. పికప్ కావాలనుకునేవాళ్ళకి 160 పీఎస్ టర్బో ఉంది, దాని ధరా వేరు, ఖర్చూ వేరు.

ఘాట్ రోడ్డు అందరికీ దొరకదు. ఐదుగురు కూర్చుని, ఏసీ వేసి, ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కేచోట బండి పూర్తిగా ఆపి మళ్ళీ కదిలించండి. శ్రీశైలం, అరకు దారుల్లో ఎలా ఉంటుందో కొంత అర్థమవుతుంది. ఘాట్ దిగడానికి హైబ్రిడ్‌లో 'బి' అనే గేరు ఉంటుంది. అందులో వేస్తే వాలులో బండి తనంతట తానే పట్టి ఆపినట్టు దిగుతుంది, బ్రేకులు వేడెక్కవు. తిరుమల తరచుగా వెళ్ళే కుటుంబానికి ఇది నిజంగా ఉపయోగం. దాన్ని టెస్ట్ డ్రైవ్‌లోనే చూపించమనండి.

ఒక స్పీడ్ బ్రేకర్ మీద, ఒక గతుకుల సందులో మీరు వెనక కూర్చుని వేరేవాళ్ళని నడపమనండి. సస్పెన్షన్ గురించి ముందు సీటు చెప్పనిది వెనక సీటు చెప్తుంది.

5. వేరియంట్ తేల్చేటప్పుడు

ఆరు ఎయిర్‌బ్యాగులు ఇప్పుడు రెండు బండ్లలోనూ అన్ని వేరియంట్లకీ వస్తున్నాయి, ఆ బెంగ లేదు. ముందు బండి దగ్గరైతే హెచ్చరించి బ్రేకు వేసే అడాస్ మాత్రం క్రెటా పై వేరియంట్లలోనే ఉంది, గ్రాండ్ విటారాలో లేదు. మన రోడ్లమీద అది ఊరికే అరుస్తుంది అనేవాళ్ళున్నారు. సిటీలో బైకులు అడ్డంపడే చోట నిజమే, లేన్ సాయం ఆపేసుకోవచ్చు. రాత్రిపూట హైవే మీద నడిపేవాళ్ళకి మాత్రం ఆ బ్రేకు ఒక్కసారి పనికొచ్చినా చాలు.

స్టార్ రేటింగ్ అడిగేటప్పుడు ఏ సంవత్సరం బండికి, ఎవరు ఇచ్చారు అని కూడా అడగండి. కార్లని గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2022లో పరీక్షించిన అప్పటి క్రెటాకి పెద్దల భద్రతలో మూడు స్టార్లే వచ్చాయి. అది రెండు ఎయిర్‌బ్యాగుల బండి. 2024లో క్రెటా మారింది. పాత అంకెతో కొత్త బండిని కొట్టేయొద్దు, కొత్త బండికి పరీక్ష ఫలితం చూపించకుండా 'సేఫ్ సార్' అంటే నమ్మనూ వద్దు.

స్ట్రాంగ్ హైబ్రిడ్ బేస్ వేరియంట్‌లో దొరకదు. అందుకే పోల్చేటప్పుడు క్రెటా బేస్ మోడల్‌తో కాదు, సదుపాయాలు దగ్గరదగ్గరగా ఉన్న వేరియంట్‌తో పోల్చండి. నా వరకు నేను చెప్పేది ఇదీ: రోజూ ట్రాఫిక్‌లో ముప్పై నలభై కిలోమీటర్లు, ఇంట్లో నలుగురు, సామాను తక్కువ అయితే హైబ్రిడ్. ఐదుగురు, ఊళ్ళ ప్రయాణాలు, పెద్దవాళ్ళు అయితే క్రెటా పెట్రోల్ ఆటోమేటిక్, మధ్య వేరియంట్.

6. కొటేషన్‌ని గీత గీతగా చదవండి

రెండింటికీ ఇప్పుడు జీఎస్‌టీ 40 శాతమే, 2025 సెప్టెంబర్ 22 నుంచి. అది ఎక్స్ షోరూమ్ ధరలోనే కలిసి ఉంటుంది. లైఫ్ ట్యాక్స్ దగ్గర జాగ్రత్త. తెలంగాణలో, ఆంధ్రలో కూడా బండి ధర 10 లక్షలు దాటితే ఒక శ్లాబు, 20 లక్షలు దాటితే ఇంకో శ్లాబు. టాప్ వేరియంట్‌లో ఇరవై లక్షల గీత దగ్గర ఉన్నవాళ్ళు ఒక మెట్టు దిగితే పన్నులో కూడా మిగులుతుంది.

పది లక్షలు దాటిన బండికి ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్ళు మీ దగ్గర ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కట్టించుకుంటారు. అది ఖర్చు కాదు, రిటర్న్స్ వేసేటప్పుడు సర్దుకోవచ్చు. డీలర్ పాన్ నంబర్ సరిగ్గా రాశాడో లేదో చూడండి.

ఇన్సూరెన్స్ డీలర్ దగ్గరే తీసుకోవాలన్న రూలు లేదు. కొత్త కారుకి థర్డ్ పార్టీ మూడేళ్ళది తప్పనిసరి, సొంత డ్యామేజీకి ఏడాది చాలు. బయట అదే ఐడీవీకి (ఇన్సూరెన్స్‌లో మీ బండికి కట్టే విలువ), అవే యాడ్ ఆన్‌లకి కొటేషన్ తెచ్చి చూపిస్తే చాలాసార్లు డీలరే తగ్గిస్తాడు. హ్యాండ్లింగ్ చార్జీలు, లాజిస్టిక్స్, 'ఎసెన్షియల్ కిట్' లాంటి పేర్లు కనిపిస్తే ఇది దేనికి అని అడగండి, తీసేయమనండి. యాక్సెసరీస్ తీసుకుంటేనే బండి త్వరగా ఇస్తామంటే ఇంకో డీలర్‌కి ఫోన్ చేయండి. గ్రాండ్ విటారా అనుకునేవాళ్ళకి ఇంకో వెసులుబాటు ఉంది. టొయోటా హైరైడర్ లోపల అదే బండి, రెండూ బెంగళూరు దగ్గర బిడది ఫ్యాక్టరీలోనే తయారవుతాయి. రెండు షోరూముల కొటేషన్లూ చేతిలో పెట్టుకుని బేరమాడండి.

లోన్ విషయం. 12 లక్షలు 9 శాతం వడ్డీకి ఐదేళ్ళయితే నెలకి సుమారు 24,900. ఏడేళ్ళయితే 19,300. నెలకి తేలిగ్గా ఉంటుంది గానీ మొత్తంమీద లక్షా పాతికవేల పైచిలుకు ఎక్కువ కడతారు. ఏడేళ్ళు పెడితేనే హైబ్రిడ్ వస్తుంది అనుకుంటే, పెట్రోలులో మిగిలేది వడ్డీకే పోతుంది.

7. వారంటీ, సర్వీసు, డెలివరీ

హ్యుందాయ్ వారంటీ మూడేళ్ళు, కిలోమీటర్లకి పరిమితి లేదు. మారుతిది మూడేళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు. హైబ్రిడ్ బ్యాటరీకి విడిగా ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు ఉంది కాబట్టి బ్యాటరీ పోతే ఎలా అన్న భయం పెట్టుకోకండి. మీ ఊళ్ళోనే కాదు, మీరు తరచుగా వెళ్ళే ఊరికి దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఉందా, అక్కడ హైబ్రిడ్ పని తెలిసిన మనిషి ఉన్నాడా అని ఫోన్ చేసి కనుక్కోండి.

ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, షోరూములు ఖాళీగా ఉంటాయి, ఆఫర్లు పెడతారు. పట్టింపు లేకపోతే అదే మంచి సమయం. పట్టింపు ఉంటే ఆషాఢంలో బేరం చేసి బుక్ చేసుకుని శ్రావణంలో డెలివరీ తీసుకోండి, ఆ ధర రాతలో తీసుకున్నాకే. డిసెంబర్‌లో కూడా తగ్గిస్తారు, కానీ నెల తిరిగేసరికి బండి పోయినేడాది మోడల్ అయిపోతుంది. మూడు నాలుగేళ్ళలో అమ్మే ఆలోచన ఉన్నవాళ్ళకి అది నష్టం.

రిజిస్ట్రేషన్‌కి ముందే యార్డుకి వెళ్ళి మీ చాసిస్ నంబర్ బండిని పగటి వెలుగులో చూడండి. తయారైన నెల చూపించమనండి, ఆర్సీలో అదే పడుతుంది. పెయింట్ మీద గీతలు, డోర్ల మధ్య సందులు సమానంగా ఉన్నాయా, టైర్లు ఐదూ ఏ వారం తయారీవి, ఓడోమీటర్‌లో ఎన్ని కిలోమీటర్లున్నాయి, ఏసీ చల్లగా వస్తోందా, అద్దాలన్నీ దిగి ఎక్కుతున్నాయా, అడిగిన వేరియంటేనా. ఏదైనా తేడా ఉంటే ఆ రోజే ఫొటో తీసి వాట్సాప్‌లో, మెయిల్‌లో పంపి, సరిచేశాకే మిగతా డబ్బు కట్టండి. రిజిస్ట్రేషన్ అయిపోయాక బండి మార్చమని అడిగే దారి దాదాపు మూసుకుపోతుంది. పూజ రోజున, ఇంటిల్లిపాదీ నిమ్మకాయలు, కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాక, బానెట్ మీద గీత కనబడినా ఎవరూ నోరు తెరవరు. అందుకే ఈ పని ముహూర్తానికి కనీసం రెండు మూడు రోజుల ముందు పెట్టుకోండి.